రెండోసారి అడిగిన ప్రశ్న

పోయినవారం మనం పిట్టను గాలిలో తేలుతుండగా వదిలేసి వచ్చాం. టీవీ వార్తల శిక్షణాలయంలో చేరిన కొత్తలో "ఇది గొంతా, పిట్ట కూతా" అని మాస్టారు అన్న దగ్గర్నుంచి అందరికీ పిట్టే అయిపోయిన ఆ అమ్మాయి, తను చేసిన మొట్టమొదటి కథనం సాయంత్రం వార్తల్లో రావడం కళ్ళారా చూసుకుంది. మలుపులో స్కూలు వ్యాన్ తలుపు తెరుచుకుని ఒక పాప రోడ్డు మీద పడింది, చెయ్యి విరిగింది. ఆ వ్యాన్‌లో పిల్లలకు తోడుగా వెళ్ళే ఆయమ్మను పిట్ట వెతికి పట్టుకుని మాట్లాడించింది. తలుపు గొళ్ళెం అరిగిపోయిన సంగతి తెలుసా అంటే, "తెలుసమ్మా, తెలిసి ఏం చెయ్యగలను? నోరు మూసుకుని కూర్చున్నా" అంది ఆయమ్మ. ఊరు ఊరంతా ఆ మాటకు భగ్గుమంది. శిక్షణాలయాన్ని నడిపే చానెల్ చీఫ్ పిట్ట భుజం తట్టి, శిక్షణ అయిపోగానే ఉద్యోగం నీదే అన్నాడు. ఇంట్లో అమ్మ కుట్టుమిషన్ ఆపేసి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఆవిడను అని లాభం లేదు.

మర్నాడు పొద్దున పిట్ట కాళ్ళు నేలకు ఆనలేదు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరు మనుషులు తననే గుర్తుపట్టి చూశారని ఆమె గట్టి నమ్మకం. వాళ్ళు చూసింది ఆమె వెనకాల వస్తున్న బస్సును. అద్దాలున్న ప్రతి దుకాణం ముందూ నడక కాస్త తగ్గించుకుంటూ, శిక్షణాలయం చేరేసరికి ఆలస్యమే అయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు పెద్దలు.

ముందు గదిలో గోడకున్న పెద్ద టీవీ కింద, నీలం బెంచీ మీద, ఆయమ్మ కూర్చుని ఉంది. స్కూలువాళ్ళిచ్చిన ఆకుపచ్చ కోటు ఇవాళ ఆవిడ ఒంటి మీద లేదు. అది లేకపోతే మనిషి సగమైనట్టు కనిపించింది. పిట్టకు ముందు తట్టిన ఆలోచన, ఈవిడ తనకు కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చిందని. పాపం, అలా అనుకోవడానికి ఆమెకు ఒక రాత్రంతా దొరికింది మరి.

"బాగున్నారా ఆయమ్మా? చూశారా నిన్న?" అంది చొరవగా పక్కన కూర్చుంటూ.

"చూశాను తల్లీ. పక్కింటివాళ్ళు పిలిచి మరీ చూపించారు." ఆవిడ గొంతులో కోపం లేదు. రాత్రి నిద్ర లేదని మాత్రం తెలుస్తోంది. "పొద్దున స్కూలుకెళితే గేటు దగ్గరే ఆపేశారు. టీవీలో నువ్వే ఒప్పుకున్నావు కదా, ఏ మొహం పెట్టుకుని వచ్చావన్నారు. కోటు ఇప్పించుకున్నారు. పోలీసులకి కూడా చెబుతారంట."

 పిట్ట నోట ముందు వచ్చిన మాట సరైంది కాదు. "మీరన్న మాటే కదండీ చూపించాం. నేను ఒక్క ముక్క కూడా కలపలేదు."

"నా మాట నాదే. కాదని నేనెందుకంటాను? నువ్వడిగిందే వేరుగా ఉంది." ఆయమ్మ పిట్ట మొహంలోకి చూసింది. "నిన్న టీవీలో నువ్వు నన్ను అడిగినట్టు చూపించిన మాట, ఆ రోజు మా ఇంట్లో నువ్వడగలేదు. నాకు చదువు లేకపోతే లేకపోయింది, మతిమరుపు మాత్రం లేదు. ఉద్యోగం పోతే పోయింది తల్లీ, చేతులున్నాయి, ఇంకోటి చూసుకుంటాను. తెలిసి తెలిసి పిల్లల్ని ఆ బండెక్కించానన్న మాట మాత్రం మొయ్యలేను. మా వీధిలో పిల్లలు పొద్దున నన్ను చూసి లోపలికి పోయారు. రోజూ వాళ్ళ సంచులు మోసేదాన్ని నేను."

అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది పిట్టకు. "ఇక్కడే కూర్చోండి, ఇప్పుడే వస్తాను" అని లేచింది. లోపల మాత్రం తనేమీ తప్పు చెయ్యలేదన్న ధీమా ఇంకా ఉంది. ఆయమ్మ కంగారులో ఏదో మరిచిపోయి ఉంటుంది, అసలు రికార్డింగ్ చూపిస్తే సరిపోతుంది అనుకుంటూ ఎడిటింగ్ గది తలుపు తోసింది.

ఇక్కడ కథకు కాస్త విరామం ఇచ్చి ఒక సంగతి చెప్పాలి. టీవీలో ఎవరైనా ఎవరినైనా ప్రశ్నలడుగుతుంటే ఒకసారి అడిగేవాళ్ళ మొహం, ఒకసారి చెప్పేవాళ్ళ మొహం కనిపిస్తుంది కదా. రెండు కెమెరాలుంటే ఇబ్బంది లేదు. మన శిక్షణాలయానికి ఉన్నదొక్కటే. అందుకని ముందు కెమెరాను జవాబు చెప్పే మనిషి వైపు పెట్టి మొత్తం మాట్లాడిస్తారు. అంతా అయ్యాక కెమెరాను ఇటు తిప్పి, అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడిగిస్తారు. అప్పటికి ఎదుటి మనిషి లేచి తన పని చూసుకుంటూ ఉంటుంది. ఖాళీ కుర్చీని చూసి, అక్కడ మనిషి ఉన్నట్టే, కళ్ళలో జాలి నింపుకుని అడగాలి. కొత్తవాళ్ళకు నవ్వాగదు. మాస్టారు మాత్రం ఆ పాఠం చెప్పిన రోజు నవ్వలేదు. "కుర్చీని ఏమడిగినా అది ఊరుకుంటుంది. అందుకే జాగ్రత్త. మనిషిని ఏమడిగారో కుర్చీనీ అదే అడగాలి, అక్షరం పొల్లుపోకూడదు" అన్నాడు. పిట్ట ఆ మాటను శ్రద్ధగా రాసుకుంది. రాసుకున్నవన్నీ గుర్తుంటే పరీక్షల్లో తప్పేవాళ్ళే ఉండరు.

ఎడిటింగ్ అక్క చెవులకు తగిలించుకున్నవి మెడలోకి జారవిడిచి, "రండి, రండి. సెలబ్రిటీ గారికి కుర్చీ వెయ్యండ్రా" అంది. గదిలో ఆమె తప్ప ఇంకెవరూ లేరు. పిట్ట మొహం చూసి వెంటనే వేళాకోళం ఆపేసింది. "ఏమైందే?"

"ఆయమ్మ ఇంటర్వ్యూ అసలుది ఒకసారి వెయ్యక్కా. కొయ్యనిది."

తెర మీద ఆయమ్మ ఇల్లు వచ్చింది. గోడకు ఆకుపచ్చ కోటు తగిలించి ఉంది. కెమెరా ఆయమ్మ మీదే ఉంది, పిట్ట గొంతు పక్కనుంచి వినిపిస్తోంది. ఆ గొంతు నెమ్మదిగా, వినయంగా అడుగుతోంది: "ప్రమాదం జరిగాక మెకానిక్ వచ్చి చూసి, తలుపు గొళ్ళెం అరిగిపోయిందని స్కూలువాళ్ళకి చెప్పాడటగా ఆయమ్మా, ఆ సంగతి మీకు తెలుసా?"

"తెలుసమ్మా. తెలిసి ఏం చెయ్యగలను? నోరు మూసుకుని కూర్చున్నా. బయట ఎవరితోనూ అనొద్దని స్కూలువాళ్ళు గట్టిగా చెప్పారు. నీతో కూడా అనకూడదు నిజానికి."

ఎడిటింగ్ అక్క చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది. పిట్ట "ముందుకు పోనీ" అని సైగ చేసింది.

తర్వాత ఖాళీ కుర్చీ భాగం వచ్చింది. ఈసారి తెర మీద పిట్టే. ఆ పొడుగాటి ప్రశ్న మొదలుపెట్టింది, "మెకానిక్" దగ్గర నాలుక మడతపడింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే. కెమెరా బాబాయి నవ్వు వినిపించింది. ఇంకోసారి మొదలుపెట్టి తనే నవ్వేసింది. "వెలుతురు పోతోంది తల్లీ, కాస్త కురచ చెయ్యి" అన్నాడు బాబాయి. తెర మీది పిట్ట జుట్టు సర్దుకుని, గొంతు సవరించుకుని, కళ్ళలో జాలి నింపుకుని, తడబడకుండా అడిగింది: "తలుపు గొళ్ళెం అరిగిపోయిన సంగతి మీకు తెలుసా?"

"బ్రహ్మాండం. ఇది ఖాయం" అన్నాడు బాబాయి.

ప్రమాదం జరిగాక మెకానిక్ చెప్పిన సంగతి కాస్తా గాలికి ఎగిరిపోయింది. ఆ కురచ ప్రశ్న కింద ఆయమ్మ జవాబును అతికించి, దాని వెనకాలే మలుపు చూపించి, రోడ్డు మీద పడ్డ పాప పుస్తకాల సంచి చూపించారు. చూసినవాళ్ళకు అర్థమయ్యేది ఒక్కటే. గొళ్ళెం ఊడుతుందని తెలిసి కూడా ఈ ఆడమనిషి పిల్లల్ని ఎక్కించింది.

"స్కూలువాళ్ళు అనొద్దన్నారు అన్న ముక్క ఎందుకు తీసేశాం అక్కా?"

"నువ్వే అన్నావు కదే. 'నోరు మూసుకుని కూర్చున్నా' దగ్గర ఆపు, బిగువుగా ఉంటుందీ అని." అక్క గొంతు తగ్గించింది. "నేనూ అలాగే అనుకున్నాలే. నీ ఒక్కదాని మీదే తోసెయ్యను."

పిట్టకు ఒళ్ళంతా సిగ్గుతో మండింది. అబద్ధం ఆడి దొరికిపోయిన సిగ్గైతే, చేస్తున్నది తప్పని మనసులో ఎక్కడో ఒక మూల తెలిసే ఉండేది. ఇది అలాంటిది కాదు. నాలుక తిరగక, వెలుతురు చాలక, బిగువు కోసం, నవ్వుతూ నవ్వుతూ ఒక మనిషి మంచితనాన్ని తుడిచేసింది. రాత్రంతా ఫోన్లో అదే భాగాన్ని తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయింది కూడా.

మాస్టారికి కామా మాస్టారని పేరు. వార్త చదివేటప్పుడు కామా దగ్గర ఊపిరి, చుక్క దగ్గర ఆలోచన అనేది ఆయన వేదం. తరగతి గదిలో తెల్లబోర్డు తుడుస్తున్న ఆయన, పిట్ట చెప్పిందంతా డస్టర్ చేతిలోనే పట్టుకుని విన్నాడు.

"కావాలని చేశావా?"

"లేదు మాస్టారూ. ఒట్టు."

"ఒట్టెందుకు, తెలుస్తూనే ఉంది." ఆయన డస్టర్ పక్కన పెట్టాడు. "కానీ చూసేవాళ్ళకి నీ మనసు కనబడదు కదమ్మా. నీ ప్రశ్న కనబడుతుంది, ఆవిడ జవాబు కనబడుతుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టింది నువ్వు. ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?"

"చీఫ్ గారికి చెప్పేస్తాను."

"పద, నేనూ వస్తాను. నా పక్కన నిలబడి నువ్వే మాట్లాడు. నేను మధ్యలో రాను."

చీఫ్ చెడ్డవాడు కాదు. చిన్న చానెల్‌ను ఏళ్ళ తరబడి మునగకుండా లాక్కొస్తున్న మనిషి. గదిలో ఆయన కుర్చీ వెనక నాలుగు టీవీలు నాలుగు చానెళ్ళతో మూగగా నడుస్తూ ఉంటాయి. ఎవరితో మాట్లాడుతున్నా ఆయన కళ్ళు సగం వాటి మీదే. పిట్ట చెప్పడం మొదలుపెట్టినప్పుడూ అంతే. మధ్యకు వచ్చేసరికి మాత్రం ఆ నాలుగింటినీ ఆపేశాడు.

"ఆవిడ 'తెలుసు' అన్న మాట నిజమా కాదా?" అన్నాడు చివరికి.

"నిజమే సార్. నేను అడిగినదానికి అంది. మనం చూపించినదానికి కాదు."

"గొళ్ళెం అరిగిందన్నది నిజమేగా? పాప పడిందన్నది నిజమేగా? మరి ఇందులో అబద్ధం ఎక్కడుందమ్మా?"

"అన్నీ నిజాలే సార్. వరసే అబద్ధం."

చీఫ్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం నోరు విప్పలేదు.

"చూడమ్మా," చీఫ్ గొంతు మెత్తబడింది, "మనది పెద్ద చానెల్ కాదు. తప్పయిందని ఒక్కసారి ఒప్పుకుంటే రేపు మనం ఏది చూపించినా అదీ తప్పేనంటారు. మొన్న మనం వేసిన కథనాలకి ఒళ్ళు మండినవాళ్ళంతా లేచి కూర్చుంటారు. ఇంతమంది ఇక్కడ బతుకుతున్నారు, నేను వాళ్ళ గురించి కూడా చూసుకోవాలా వద్దా? అయినా నేనేం వదిలెయ్యమనట్లేదు. తెర కింద అక్షరాలు పరిగెడతాయి కదా, అక్కడ ఒక వరస వేద్దాం. నిన్నటి కథనంలో చిన్న పొరపాటు దొర్లింది, చింతిస్తున్నాం అని. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

ఎదురు చెప్పడం పిట్టకు అలవాటు లేని పని. చీఫ్ గదిలో కుర్చీ చూపించినా కూర్చోని పిల్ల. అయినా ముందు గదిలో బెంచీ మీద కూర్చున్న మనిషి కళ్ళ ముందు కదిలింది.

"నిన్న ఆవిడ మొహం తెర నిండా చూపించాం సార్. ఇవాళ అక్షరాల్లో వదిలేస్తే ఎవరు చదువుతారు? మా అమ్మే చదవదు, అవి పరిగెడుతుంటే కళ్ళు తిరుగుతాయంటుంది. మొహం చూపించి అన్న మాటని మొహం చూపించే వెనక్కి తీసుకోవాలి కదా. ఆవిడది కాదు, నాది."

"నీ మొహం చూపిస్తే నీ సంగతేమిటో ఆలోచించావా? మొదటి కథనమే తప్పని ఒప్పుకున్న రిపోర్టర్ని నేనే కాదు, ఇంకెవరైనా పెట్టుకుంటారా? ఉద్యోగం ఇస్తానన్న మాట అప్పుడు నిలబెట్టుకోలేను. నన్ను తిట్టుకోవద్దు."

ఉద్యోగం అనగానే పిట్టకు అమ్మ ఫోన్లో చుట్టాలతో అన్న మాటలన్నీ చెవుల్లో మోగాయి. వాటిని పక్కన పెట్టడానికి కాస్త సమయం పట్టిందని దాచకుండా చెప్పుకోవాలి. ధైర్యవంతులకు భయం వెయ్యదని కథల్లోనే రాస్తారు. మన కథలో వేసింది.

"తిట్టుకోను సార్. నేనే చెబుతాను, ఒప్పుకోండి."

చీఫ్ చాలాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. తర్వాత, మాస్టారితో అన్నాడో తనతో తనే అన్నాడో, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నాడు. మళ్ళీ తనే, "తొక్కాం కదా. కడగండి" అని టీవీలు నాలుగూ వేసుకున్నాడు. సాయంత్రం వార్తల్లో, నిన్న ఆ కథనం వచ్చిన చోటే, నిన్న వచ్చినంత సేపు పిట్ట చెప్పుకోవచ్చు.

రాయడం అన్నిటికంటే కష్టమైంది. పిట్ట మొదట రాసిన దాంట్లో తన మనసు ఎంత క్షోభించిందో ఉంది, కంటి మీద కునుకు ఉండబోదని ఉంది, ఆయమ్మ తన తల్లిలాంటిదని ఉంది. మాస్టారు ఎర్ర సిరాతో అదంతా కొట్టేశాడు.

"నీ ఏడుపు వార్త కాదమ్మా. ఇది చదివితే జనం ఆయమ్మని వదిలేసి నీ మీద జాలిపడతారు. ఇంటికెళ్ళి ఏడువు, నేనొద్దన్ను. ఇక్కడ జరిగింది చెప్పు. ఏమడిగావు, ఏం చూపించావు, తేడా ఏమిటి. అంతే."

"క్షమించమని అడగొద్దా?"

"అడుగు. ఒక్కసారి. ఆవిణ్ణి."

సాయంత్రం స్టూడియోలో దీపాల వేడికి పిట్ట నుదురు చెమర్చింది. కెమెరా బాబాయి రోజులా జోకులు వెయ్యలేదు. చొక్కాకు మైకు తగిలిస్తూ, "కురచ చెయ్యమన్నది నేనే తల్లీ, అదీ చెప్పు కావాలంటే" అన్నాడు మెల్లగా. పిట్ట తల అడ్డంగా ఊపింది. ఎర్రదీపం వెలిగింది.

పిట్టగొంతు ఆ రోజు వణకలేదు. పెద్దదీ కాలేదు. ఉన్నది ఉన్నట్టుగా చెప్పింది. తను అడిగిన అసలు ప్రశ్న వినిపించింది, ఆయమ్మ పూర్తి జవాబు వినిపించింది, ఖాళీ కుర్చీని రెండోసారి అడిగిన కురచ ప్రశ్న కూడా చూపించింది. "గొళ్ళెం అరిగిందని ఆవిడకు ప్రమాదం జరిగాకే తెలిసింది. ముందే తెలుసని మీరనుకునేలా చూపించింది నేను. ఆవిడ తప్పేమీ లేదు. ఆయమ్మా, నన్ను క్షమించండి" అంది. కామా దగ్గర ఊపిరి తీసుకుంది. చుక్క దగ్గర ఆగింది. ఎర్రదీపం ఆరిపోయింది.

బయటకు వచ్చేసరికి ఆయమ్మ అదే బెంచీ మీద ఉంది. ఎవరో ఇచ్చిన టీ పక్కన చల్లారిపోయి మీగడ కట్టింది. ఆవిడ పిట్ట చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియని సమయాల్లో పెద్దవాళ్ళే ముందు తేరుకుంటారు.

"చెప్పావు తల్లీ. దాచకుండా చెప్పావు. అంతమంది ముందు ఆ మాట అనడం నావల్లయితే అయ్యేది కాదు." అడగాలా వద్దా అన్నట్టుగా ఇంకో మాట అడిగింది. "నిన్న చూసినవాళ్ళందరూ ఇవాళ కూడా చూసుంటారంటావా?"

 నిన్నటి కథనాన్ని జనం ఫోన్ల నుంచి ఫోన్లకు పంపుకున్నారు. ఇవాళ్టిది ఎవరు పంపుకుంటారు? చెడ్డ మాట పరిగెత్తి ఊరు దాటిపోయింది. మంచి మాట ఇంకా చెప్పులు వేసుకుంటోంది.

"కుండకి మూకుడు పెట్టొచ్చు గానీ లోకం నోటికి పెట్టలేంలే" అంది ఆయమ్మ లేస్తూ.

"పెట్టలేం. వెళ్ళి చెప్పొచ్చు" పిట్ట కూడా లేచింది. "మీ వీధికి వస్తాను ఆయమ్మా. ఒక్కో ఇంటికీ వెళదాం. అందరికీ నేనే చెబుతాను. ముందు ఎవరింటికి?"

ఆయమ్మ తటపటాయించింది. "ముందంటే పాపవాళ్ళింటికే వెళ్ళాలి. మిగతావాళ్ళు ఏమనుకున్నా ఆ తల్లి అనుకోకూడదు." అలా అంటున్నప్పుడు ఆవిడ మొహంలో ఏదో వెనకడుగు కనిపించింది. పాప తల్లి తిడుతుందేమోనన్న భయం అనుకుంది పిట్ట.

మాస్టారు గుమ్మం దాకా వచ్చాడు. "కెమెరా వద్దు, ఫోన్ కూడా సంచిలోంచి తియ్యకు. ఇవాళ నువ్వు అడగడానికి వెళ్ళట్లేదు" అన్నాడు.

పాపవాళ్ళది మూడంతస్తుల ఇంట్లో పైభాగం. మెట్లెక్కుతుంటే ఏదో ఇంట్లోంచి కుక్కర్ ఈలలు వినిపించాయి. తలుపు తీసిన పాప తల్లి ఆయమ్మను చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది, కానీ తలుపు మూయలేదు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పినట్టు లేదు. సాయంత్రం వార్తలు చూడలేదట. పిట్ట గుమ్మం బయటే నిలబడి మొత్తం చెప్పింది, పొద్దుట్నుంచి నాలుగోసారి. చెప్పిన ప్రతిసారీ మాటలు తగ్గుతున్నాయి, బరువు తగ్గడం లేదు.

ఆమె విన్నది. వెంటనే కరిగిపోలేదు. "రాత్రంతా ఈవిణ్ణి శాపనార్థాలు పెట్టానండీ," అంది పిట్టతో, "నా నోటితో నేను. అవి ఇప్పుడు ఎక్కడికి పోతాయి?" అంటూనే కళ్ళు తుడుచుకుంది. "లోపలికి రండి ఆయమ్మా. పాప మిమ్మల్నే అడుగుతోంది. వద్దన్నాను నిన్న."

లోపల మంచం మీద, పిండికట్టు వేసిన చెయ్యిని దిండు మీద పెట్టుకుని, ఏడేళ్ళ పాప కూర్చుని ఉంది. కట్టు మీద ఎవరో పువ్వు బొమ్మ వేశారు. ఆయమ్మను చూడగానే పాప మొహం విప్పారింది, అంతలోనే ముడుచుకుపోయింది. ఆయమ్మ వెళ్ళి పక్కన కూర్చుని జుట్టు సవరించింది. పిట్ట గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడుకు పాప తల్లి వంటింట్లోకి పరిగెత్తింది.

"ఆయమ్మా, నీ పని పోయిందా?" అంది పాప.

"ఎవరన్నారు? పనికేం, బోలెడున్నాయి."

"అమ్మ ఫోన్లో అంది. నావల్లే కదా." పాప కింది పెదవి వణికింది. "నువ్వు ముట్టుకోవద్దన్నావు. నేనే గొళ్ళెం లాగాను. ఊడుతుందో లేదో చూద్దామని లాగాను. దానంతట అది ఊడలేదు ఆయమ్మా, నేనే..."

ఆయమ్మ అరచెయ్యి పాప నోటికి అడ్డంగా వెళ్ళింది. గట్టిగా కాదు, నిద్రపోయే పిల్లకు దుప్పటి కప్పినంత మెల్లగా. పాప తల తన గుండెకు ఆనించుకుని, ఆ తల మీదుగా పిట్టను చూసింది. పిట్టకు అప్పుడు అర్థమైంది, బయల్దేరే ముందు మొహంలో కనిపించిన వెనకడుగు ఎందుకో, ఆవిడ అన్నిరోజులూ నోరు మూసుకుని కూర్చున్నది ఒక్క స్కూలువాళ్ళకు భయపడి కాదని.

"మీకు తెలుసా?" అంది పిట్ట. వినబడీ వినబడనట్టు అంది.

"దాని చెయ్యి గొళ్ళెం మీద ఉండటం చూశాను. నేను లేచి అందుకునేలోపే..." ఆయమ్మ గొంతు కూడా అంతకంటే పైకి రాలేదు. "పసిది తల్లీ. గొళ్ళెం గట్టిదైతే దీని బలానికి ఊడేదా? నా మీద పడ్డ మాట నేను దులుపుకుంటాను. దీని మీద పడితే ఇది జన్మంతా మోస్తుంది. అందుకే చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

ఆ సాయంత్రమే పిట్ట దీపాల కింద కూర్చుని ఊరందరికీ ఏమీ దాచకుండా చెప్పి వచ్చింది. ఆవిడ తప్పేమీ లేదని చెప్పింది, అది నిజం. గొళ్ళెం అరిగిందని చెప్పింది, అదీ నిజం. ఇప్పుడు ఈ గదిలో ఇంకో నిజం దుప్పటి కింద వణుకుతూ కూర్చుంది.

వంటింట్లో స్టవ్ ఆగిన చప్పుడైంది. పాప తల్లి చెంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, కూతురి తడి చెంపలు చూసి, ఆయమ్మ చెయ్యి చూసి, చివరికి పిట్ట వైపు తిరిగింది.

"ఏడుస్తోందేమిటండీ? మీతో ఏమంది?"